సముద్రం పక్కన 30 కిలోమీటర్లు నడిస్తే ట్రెక్కింగ్‌కి సరిపోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం నడక గురించే, అందులోనూ చాలామందిది ఒకటే ప్లాను, పెద్ద ట్రెక్‌కి ముందు సముద్రం ఒడ్డున ఒక రోజంతా నడిచి చూస్కుందాం అని. మంచి ప్లానే. నేనూ చేసిందే, మొదటిసారి చాలా చెత్తగా చేశా, ఆ కథ కూడా మధ్యలో చెప్తా. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు.

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. కూర్చుని చేసే ఉద్యోగం. రోజూ పొద్దున్నే 6 కిలోమీటర్లు నడుస్తా, మూడేళ్ళుగా మానలేదు. ఇంకో ఐదు నెలల్లో స్నేహితులతో 12 రోజుల ట్రెక్ ఉంది, రోజుకి 18 నుంచి 22 కిలోమీటర్లు, బ్యాగు ఎవరిది వాళ్ళే మోసుకోవాలి. దానికి ముందు సముద్రం ఒడ్డున ఒకే రోజు 30 కిలోమీటర్లు నడిచేస్తే ధైర్యం వస్తుందని నా ఆలోచన. మా గ్రూపులో ఒకాయన మాత్రం చదునుగా ఉన్నచోట ఎంత నడిచినా కొండకి పనికిరాదు అని తీసిపారేశాడు. ఎవరు కరెక్టు?

జవాబు: ఇద్దరూ సగం సగం కరెక్టండీ.

ఆయన మాట ఎక్కడ నిజం అంటే, కొండ ఎక్కడం ఊపిరి పని, దిగడం తొడల పని, ఈ రెండూ చదునైన ఇసకలో దొరకవు. ముఖ్యంగా దిగడం. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బ్రేకు వెయ్యాలి, ఆ పని అలవాటు లేనివాళ్ళకి మర్నాడు ఒక మాదిరిగా ఉండి ఆ తర్వాతి రోజు అసలు నొప్పి మొదలవుతుంది. దానికి వేరే మందు ఉంది, మెట్లు, కిందకొచ్చాక చెప్తా. కానీ పనికిరాదు అన్నారు చూడండి, అది మాత్రం ఒప్పుకోను. నేను చూసినంతలో ట్రెక్ మధ్యలో వెనక్కి తిరిగినవాళ్ళని తిప్పింది ఊపిరి కాదు, పాదాలు. తర్వాత భుజాలు, ఆ తర్వాత పొట్ట. ఆరో గంటలో బ్యాగు పట్టీ ఎక్కడ ఒరుసుకుంటుంది, ఏ సాక్సు మడత పడుతుంది, ఎండలో నాలుగు గంటలయ్యాక ఏది తినబుద్ధేస్తుంది ఏది చూస్తే వికారం పుడుతుంది, ఇవేవీ మీ రోజువారీ 6 కిలోమీటర్లలో బయటపడవు ఎందుకంటే ఆ నడక ఇలా మొదలై అలా అయిపోతుంది, శరీరానికి ఫిర్యాదు చేసే టైమే ఉండదు.

పైగా సముద్రం పక్కన అంటే చదును అనుకోవడం కూడా ఒక అపోహే. ఇంగ్లండ్‌లో నైరుతి మూల చుట్టూ సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ అని ఒక దారి ఉంది, 1,014 కిలోమీటర్లు, మొదటి నుంచి చివరిదాకా ఎక్కిందంతా కలిపితే 35,000 మీటర్లు దాటుతుంది, అంటే దాదాపు నాలుగు ఎవరెస్టులు. కారణం ఏంటంటే కొండ అంచు మీద నడుస్తూ ఉంటారు, ఎక్కడ ఒక వాగు వచ్చి సముద్రంలో కలిసినా దారి కిందిదాకా దిగిపోయి మళ్ళీ అంతా ఎక్కాల్సిందే. మీకు దగ్గర్లో అలాంటి ఒడ్డు ఉంటే అదృష్టవంతులు, ఆ ఫ్రెండుని కూడా తీసుకెళ్ళండి.

ఉత్త ఇసక తీరమే అనుకున్నా అదేం తక్కువ కాదు. బెల్జియంలో పరిశోధకులు 1998లో కొలిచి చెప్పారు, పొడి ఇసకలో నడిస్తే అదే వేగంతో గట్టి నేల మీద నడిచినదానికి 2.1 నుంచి 2.7 రెట్లు శక్తి ఖర్చవుతుందట. మనం నేలని వెనక్కి నెట్టి ముందుకి పోతాం కదా, ఇసకలో ఆ నెట్టుడులో కొంత ఇసక జారిపోవడానికే పోతుంది. ఒకసారి వెనక్కి తిరిగి మీ అడుగులు చూస్కోండి, మడమ దిగిన గుంట కంటే వేళ్ళ దగ్గర వెనక్కి తోసిన కుప్ప పెద్దగా ఉంటుంది. ఆ కుప్ప అంతా మీ పిక్కల కష్టమే.

అందుకే నేను అడిగినవాళ్ళందరికీ చెప్పేది, కిలోమీటర్లు లెక్కపెట్టొద్దు గంటలు లెక్కపెట్టండి అని. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు, మూడు మైళ్ళకి ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకి ఇంకో గంట. మన కొలతల్లో సుమారుగా గంటకి 5 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడికి ఒక గంట. మీ ట్రెక్‌లో ఒక రోజు 20 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అనుకోండి, 4 గంటలూ గంటన్నరా కలిపి ఐదున్నర అయింది, అది కూడా ఆగకుండా, దారి బాగుండి, మనిషి గట్టిగా ఉంటే. బరువు, ఫొటోలు, తిండి, షూ లేసులు అన్నీ కలిపితే ఏడెనిమిది గంటలు. అంటే మీరు రోజుకి ఏడెనిమిది గంటలు పాదాల మీద ఉండటం నేర్చుకోవాలి, అవి ఇసకలో 24 కిలోమీటర్లు అయినా సరే తారు రోడ్డు మీద 32 అయినా సరే. కాబట్టి 30 అనే నంబరు కొట్టేసి దాని పక్కన 7 గంటలు అని రాసుకోండి.

ఇప్పుడు ధైర్యం సంగతి. ఒక్క రోజు నడక ధైర్యం ఇస్తుంది నిజమే, కానీ తప్పుడు ధైర్యం. నేను మొదటిసారి చేసిన నిర్వాకం చెప్తా వినండి. 26 కిలోమీటర్లు, ఒకవైపే, తిరిగి రావడానికి బండి. పొద్దున తీరిగ్గా పదింటికి మొదలుపెట్టా, అప్పటికే నీళ్ళు పైకి వచ్చేస్తున్నాయి, తడి ఇసక అంతా మునిగిపోయి నాకు మిగిలింది పైన మెత్తటి పొడి ఇసకా దాని పక్కనే ఏటవాలు గట్టూ. ఆ ఏటవాలు మీద సముద్రం వైపు కాలు ఎప్పుడూ కిందకి, రెండో కాలు ఎప్పుడూ పైకి, నడుం ఒక పక్కకి ఒరిగిపోయి గంటలు గంటలు అలాగే. అయినా పూర్తి చేశా, అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నా. మర్నాడు పొద్దున మంచం దిగి మడమ నేల మీద పెడితే మేకు దిగినట్టయింది, మోకాలి బయటి పక్క పట్టేసింది, బాత్రూం దాకా గోడ పట్టుకుని వెళ్ళా. అదే ట్రెక్ అయ్యుంటే ఆ పొద్దున ఏడింటికి బ్యాగు వేసుకుని ఇంకో 20 కిలోమీటర్లు నడవాలి, ఆ తర్వాత ఇంకో పది రోజులు. అంటే నేను పరీక్ష రాశాననుకున్నా గానీ రాసింది హాల్ టికెట్ మీద సంతకం మాత్రమే. రెండో రోజు పొద్దున మళ్ళీ షూ వేసుకుని బయటికి అడుగు పెట్టగలరా లేదా, ఆ ఒక్కటి చూస్కోండి చాలు.

మీకు టైముంది, ఐదు నెలలు బోలెడు. వారం మధ్యలో మీ 6 కిలోమీటర్లు అలాగే ఉంచి వారానికి ఒక్క రోజు మాత్రం పెద్ద నడక పెట్టుకోండి. పదితో మొదలుపెట్టి ఒకటో రెండో కలుపుకుంటూ పోండి, ప్రతి నాలుగో వారం తగ్గించెయ్యండి, బద్ధకం కాదు అది, కండరాలు వారాల్లో అలవాటు పడతాయి గానీ కండరాల్ని ఎముకలకి కట్టిపెట్టే స్నాయువులు, ఎముకలు నెలలు తీస్కుంటాయి, వాటికోసం ఆగాలి. మూడో నెల చివరికి వచ్చేసరికి శనివారం 20, ఆదివారం 15 ఇలా వరసగా రెండు రోజులు. మీ సముద్రం నడక కూడా అంతే, 30 ఒకేసారి వద్దు, మొదటి రోజు ఏడు గంటలు, రాత్రి అక్కడే ఎక్కడైనా పడుకుని మర్నాడు నాలుగైదు గంటలు, ట్రెక్‌కి మూడు వారాల ముందు పెట్టుకోండి, ఆ తర్వాత తగ్గించుకుంటూ రావాలే తప్ప కొత్తగా ఏమీ చెయ్యకూడదు. వెళ్ళినదారినే వెనక్కి రండి, అప్పుడు ఏటవాలు రెండో కాలికి మారుతుంది.

బ్యాగు బరువు కోసం ఒక చిట్కా, పుస్తకాలు రాళ్ళు కాకుండా నీళ్ళ సీసాలు పెట్టండి. లీటరుకి కిలో, లెక్క సులువు, మోకాలు మూలిగితే అక్కడే పారబోసెయ్యొచ్చు. మొదట ఒంటి బరువులో పదో వంతు, చివరికి ట్రెక్‌లో నిజంగా మోసే బరువు, అది ఒంటి బరువులో ఐదో వంతు దాటుతోందంటే మోసే మనిషిని కాదు సామాన్ల లిస్టుని మార్చాలి. ఇక షూ బరువు దగ్గర పీనాసిగా ఉండండి, పాదం మీద ఉన్న బరువు వీపు మీద ఉన్న అదే బరువు కంటే నాలుగైదు రెట్లు అలసట తెస్తుంది.

మెట్ల సంగతి చెప్తానన్నా కదా. వారానికి రెండుసార్లు, ఎక్కడానికి లిఫ్టు వాడినా నేనేమీ అనను, దిగడం మాత్రం నడిచే దిగండి, నెమ్మదిగా, బ్యాగుతో. మీ ఫ్రెండు అడిగితే ఇది చెప్పండి.

ప్రశ్న: పోయిన నెల మేము నలుగురం తీరం వెంట నడుస్తూ సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక రాళ్ళ కొమ్ము చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాం, అక్కడ గంట కూర్చుని వచ్చేసరికి ఆ దారి లేదు, మోకాళ్ళ దాకా నీళ్ళు, ఒకావిడ పడిపోయింది కూడా. పోటు టైము ఆన్‌లైన్‌లో చూసే వెళ్ళాం, ఇంకా మూడు గంటలుంది అనుకున్నాం. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు: పోటు మూడు గంటల తర్వాత అంటే నీళ్ళు మూడు గంటల తర్వాత వస్తాయని కాదండీ, అప్పటికి వచ్చెయ్యడం అయిపోతుందని. అందరూ పడే తప్పే ఇది.

చాలా తీరాల్లో రోజుకి రెండు ఆట్లు రెండు పోట్లు, ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు, అందుకే రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. కొన్ని తీరాల్లో రోజుకి ఒక్కసారే వస్తుంది, కాబట్టి మీరు నడిచే చోటు ఆటుపోట్ల పట్టికే చూడాలి, పక్క ఊరిది పనికిరాదు. ఇక నీళ్ళు ఎక్కే తీరు సమానంగా ఉండదు. పడవల వాళ్ళు పన్నెండో వంతు లెక్క అంటారు. ఆటు నుంచి పోటు దాకా ఉన్న ఆరు గంటల్లో మొదటి గంట పన్నెండులో ఒక వంతు, రెండో గంట రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంట రెండు, ఆఖరి గంట ఒకటి. తేడా 3 మీటర్లు ఉన్న చోట వేసి చూడండి. మొదటి గంటలో 25 సెంటీమీటర్లే, కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే ఏమీ తెలీదు. మూడో గంటలో 75, నాలుగో గంటలో ఇంకో 75. అంటే సరిగ్గా ఇంకా మూడు గంటలుంది కదా అని మీరు అనుకున్నప్పుడే నీళ్ళు అన్నిటికంటే స్పీడుగా ఎక్కుతున్నాయన్నమాట. ఇది అంచనా మాత్రమే, నది కలిసేచోట ఇరుకు చోట్ల లెక్క మారిపోతుంది, గాలి గట్టిగా ఒడ్డు వైపు తోస్తుంటే పట్టికలో ఉన్నదానికంటే ఎక్కువే వస్తాయి.

చంద్రుణ్ణి కూడా చూస్కోండి. పౌర్ణమి అమావాస్యలకి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు పోటు బాగా పైకి, ఆటు బాగా కిందికి. అష్టమి చుట్టుపక్కల రెండూ తక్కువ. కొత్త చోటికి మొదటిసారి వెళ్తుంటే అష్టమి రోజులు నయం. అదే గట్టి తడి ఇసక ఎక్కువ వెడల్పు కావాలంటే పౌర్ణమి దగ్గరి ఆటు బాగుంటుంది, కానీ తిరిగొచ్చే నీళ్ళు కూడా అంతే జోరుగా వస్తాయి.

నేను ఇప్పుడు చేసేది ఇది. ఆటు టైము చూసుకుని దానికి రెండు గంటల ముందు బయల్దేరతా, అంటే నీళ్ళు తగ్గుతున్నప్పుడు, ఆటు తర్వాత రెండు గంటల లోపల రాళ్ళ చోట్లన్నీ దాటేసి ఉంటా. మధ్యలో ఆ నాలుగు గంటలే నడకకి బంగారం, నేల సిమెంటులా ఉంటుంది. రాళ్ళ కొమ్ములు దాటడం వీలైనంతవరకూ నీళ్ళు తగ్గుతున్నప్పుడే, అప్పుడు కొంచెం ఆలస్యమైతే దారి ఇంకా పెద్దదవుతుంది, ఎక్కుతున్నప్పుడు ఆలస్యమైతే మీకు జరిగిందే జరుగుతుంది. ఆ కొమ్ముల కింద రాళ్ళ మీద పచ్చగా నల్లగా నాచు ఏ ఎత్తు దాకా ఉందో చూడండి, పోటు అక్కడిదాకా వస్తుందని గోడ మీద గీత గీసి పెట్టినట్టే.

పేరున్న దారుల్లో కూడా ఇదే తంతు. కాలిఫోర్నియాలో లాస్ట్ కోస్ట్ ట్రెయిల్‌లో కొన్ని మైళ్ళ ముక్కలు పోటు టైములో అసలు దాటలేరు, జనం పట్టిక చేత్తో పట్టుకుని గుడారం దగ్గర కూర్చుంటారు. న్యూజీలాండ్‌లో ఏబెల్ టాస్మన్ తీరం దారిలో అవరోవా అనే పాయ ఉంది, ఆటుకి గంటన్నర ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా మాత్రమే దాటాలి, పొద్దున ఆటు నాలుగింటికి అయితే చీకట్లోనే లేవాలి, బతిమాలితే ఆగేది కాదు. ఇందాక చెప్పిన సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్‌లో కూడా ఎర్మ్ అనే నదిని ఆటుకి గంట అటూ ఇటూగా నీళ్ళల్లో దిగి దాటతారు. ట్రెయినింగ్ నడక కోసం మాత్రం నదీ ముఖాలు దాటే సాహసం వద్దు, వంతెన ఎంత దూరమైనా చుట్టూ తిరిగి రండి, ఎలాగూ గంటలే కదా మనకి కావాల్సింది. తప్పనిసరైతే షూ విప్పొద్దు, బ్యాగు నడుం పట్టీ మాత్రం విప్పెయ్యండి, పడితే బ్యాగు వదిలించుకోవచ్చు. మోకాలు దాటి లోతుందంటే వెనక్కి తిరగడమే.

పడిపోయినావిడకి దెబ్బలేమీ తగల్లేదనే అనుకుంటున్నా.

ప్రశ్న: అక్కా, నాకు 15 కిలోమీటర్లు దాటితే చాలు బొబ్బలు. ఖరీదైన షూ కొన్నా అంతే. సముద్రం దగ్గర అయితే ఇంకా ఘోరం. అసలు నా కాళ్ళే ఇంతా?

జవాబు: కాళ్ళది తప్పేం లేదమ్మా. బొబ్బ పైపైన రుద్దుకోవడం వల్ల వస్తుందనుకుంటాం గానీ అసలు సంగతి లోపల జరుగుతుంది. అడుగు వేసినప్పుడు లోపల ఎముక ముందుకి జరుగుతుంది, పైచర్మం సాక్సుకి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది, మధ్యలో పొరలు సాగి సాగి చివరికి విడిపోయి నీరు చేరుతుంది. చెమటకి చర్మం నానితే ఇంకా గట్టిగా అతుక్కుంటుంది, ఇంకా త్వరగా విడిపోతుంది. సముద్రం దగ్గర దీనికి ఇద్దరు తోడు, ఇసకా ఉప్పూ. సాక్సు అలల్లో ఒకసారి తడిసి ఆరిందనుకో, నీళ్ళు పోతాయి ఉప్పు పోదు, తిరగేసి వేలితో రాసి చూడు, గరగరలాడుతుంది. ఉప్పు కాగితం అని వడ్రంగులు వాడేదానికి పేరు ఊరికే పెట్టలేదేమో అనిపిస్తుంది నాకు.

కాబట్టి తడవకపోవడమే మేలు, తడిస్తే మంచినీళ్ళు కొంచెం పోసి కడిగి, తుడిచి, వేరే సాక్సు. రెండు గంటలకోసారి ఆగి, కూర్చుని, షూ విప్పి, ఇసక దులిపి, సాక్సులు మార్చాలి, విప్పినవి బ్యాగుకి బయట వేలాడదియ్యాలి. ఐదు నిమిషాల పని. ఇది విసుగు అనుకునేవాళ్ళే సాయంత్రం కుంటుతారు. ఎక్కడైనా వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తే తర్వాతి మలుపు దాకా, ఆ చెట్టు దాకా అని వాయిదా వెయ్యొద్దు, అక్కడే కూర్చుని టేపు వేసెయ్. ఎప్పుడూ వచ్చే చోట అయితే పొద్దున్నే, పొడి కాలి మీద, టేపు మూలలు గుండ్రంగా కత్తిరించి వేసుకో, మూలలు పదునుగా ఉంటే అక్కడి నుంచే లేచిపోతుంది. కాటన్ సాక్సు మానెయ్, ఉన్ని కలిసినవో సింథటిక్‌వో తీస్కో.

షూ ఖరీదు కాదు సైజు చూడు. గంటలు నడిస్తే పాదం వాస్తుంది, అందుకే షూ సాయంత్రం పూట కొనాలి, వాడే సాక్సుతోనే వేసి చూడాలి, ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. వచ్చేసిన బొబ్బ చిన్నదైతే కదిలించకు. పెద్దదై నడవనివ్వకపోతే శుభ్రం చేసిన సూదితో అంచు దగ్గర గుచ్చి నీరు తీసి, పైచర్మం మాత్రం పీకకు, అదే దానికి సరైన మూత. షుగర్ ఉన్నవాళ్ళు ఇది కూడా ఇంట్లో చెయ్యొద్దు, డాక్టరు దగ్గరికే.

ఇంకో మాట, బొబ్బ కాకుండా పాదం పైన ఒకే చోట, ఒక్క వేలితో చూపించగలిగేలా నొప్పి ఉండి, నొక్కితే ఎక్కువై, కూర్చున్నా తగ్గకపోతే నడక ఆపెయ్. 1855లోనే ప్రష్యా అనే అప్పటి జర్మన్ రాజ్యం సైన్యంలో ఒక డాక్టరు కవాతు చేసే సిపాయిల పాదాల్లో ఇది చూసి రాసి పెట్టాడు, అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు. తర్వాత తెలిసింది ఏంటంటే అవి పాదం ఎముకల్లో సన్నటి పగుళ్ళు, ఒక్కసారిగా దూరం పెంచేసినవాళ్ళకి వస్తాయి. దాని మీద నడిచి గెలిచినవాళ్ళు లేరు.

ప్రశ్న: తీరం నడకకి ఎన్ని లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళాలి? దాహం వెయ్యకముందే తాగాలంటారు కదా, నేను పోయినసారి 6 లీటర్లు తాగా, అయినా తలనొప్పి వాంతులు.

జవాబు: అయినా కాదండీ, బహుశా అందుకే. దాహం లేకపోయినా ఉత్త నీళ్ళు తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడిపోతుంది. తలనొప్పి, వికారం, చేతివేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, మనిషి తికమకగా మాట్లాడటం, ఇవి దాని గుర్తులు. చిక్కేంటంటే ఎండదెబ్బకి కూడా ఇలాంటివే ఉంటాయి, పక్కనున్నవాళ్ళు ఇంకా నీళ్ళు తాగు తాగు అని పోస్తారు. మనిషి మాట తడబడుతుంటే ఇంక అక్కడ వైద్యాలు చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. దాహమేస్తే తాగండి, గుటకలు గుటకలుగా, ఒక మాదిరి వాతావరణంలో గంటకి అర లీటరు అటూ ఇటూగా సరిపోతుంది, ఎండ మండిపోతుంటే ఇంకాస్త. పక్కన ఉప్పగా ఉండే తిండి ఏదో ఒకటి నములుతూ ఉండండి. ఓఆర్ఎస్ కలిపితే ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసుంటే అన్నీ పొయ్యాల్సిందే, సీసా చిన్నదని సగం నీళ్ళల్లో మొత్తం ప్యాకెట్ కలిపేవాళ్ళని చూశా.

సముద్రం దగ్గర మోసం ఏంటంటే గాలి. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి నీళ్ళ మీంచి గాలి లాక్కుంటుంది, మధ్యాహ్నానికి బాగా వీస్తుంది, హాయిగా ఉంటుంది, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, మనకి చెమటే పట్టలేదనుకుంటాం. చొక్కా మీద తెల్లటి గీతలు చూస్కోండి, పోయిన ఉప్పంతా అక్కడుంటుంది. ఎండ కూడా పైనుంచే కాదు, ఇసక అతినీలలోహిత కిరణాల్లో 15 శాతం దాకా, నురగ 25 శాతం దాకా తిప్పి కొడుతుంది, టోపీ పెట్టుకున్నా గడ్డం కింద, ముక్కు కింద కాలేది అందుకే. క్రీము అక్కడ కూడా రాయాలి. పొడుగు చేతుల పలచటి చొక్కా అన్నిటికంటే నయం.

ప్రశ్న: చెప్పుల్లేకుండా ఇసకలో నడిస్తే పాదాలు గట్టిపడతాయి అంటారు, మొత్తం నడక అలాగే చెయ్యొచ్చా?

జవాబు: వద్దు. చివర్లో పది నిమిషాలు, తడి ఇసకలో, చూస్కుంటూ నడవండి, హాయిగా ఉంటుంది. గాజు పెంకులు, గాలాలు, కాలిన ఇసక ఇవన్నీ ఒక ఎత్తు, అలవాటు లేని అరికాలు పిక్క పట్టేస్తే రెండు వారాలు ఇంట్లో కూర్చోవడం ఇంకో ఎత్తు. ట్రెక్‌లో షూతోనే కదా నడిచేది, ట్రెయినింగూ వాటితోనే.

ప్రశ్న: మా నాన్నగారికి 63. నేను ట్రెక్‌కి తయారవుతుంటే చూసి తను కూడా తీరం నడకకి వస్తానంటున్నారు. బీపీ మాత్రలు వాడతారు, మోకాళ్ళు కొంచెం నొప్పి. మా అమ్మ ఒప్పుకోవట్లేదు. తీసుకెళ్ళనా?

జవాబు: ముందు ఆయన డాక్టరుని ఒక ప్రశ్న అడగండి, ఎండలో గంటలకొద్దీ నడుస్తారు, ఈ మాత్రలు ఎలా వేసుకోవాలి అని. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీరు తీసేస్తాయి, వేడిలో చెమట కూడా తోడైతే కళ్ళు తిరుగుతాయి. సొంతంగా మానడం గానీ మార్చడం గానీ చెయ్యొద్దు. ఆయన సరే అంటే తీసుకెళ్ళండి, ఎందుకు తీసుకెళ్ళరు.

కాకపోతే మీ నడక వేరు ఆయన నడక వేరు అని ముందే మాట్లాడుకోండి. ఆటు టైములో గట్టి ఇసక మీద రెండు గంటలు ఆయనతో, మాట్లాడుకుంటూ, మాట మధ్యలో ఆయాసం వస్తే స్పీడు తగ్గించాలి. తర్వాత ఆయన ఆగిపోయే చోట నీడ, బండి రెడీగా ఉండాలి, మీరు ముందుకి పోండి. నాన్నలతో చిక్కు ఏంటంటే అలిసిపోయా అని చెప్పరు, ఆ పడవ చూడు, ఈ పక్షి చూడు అని ఆగుతుంటారు, మూడోసారి పక్షిని చూపించారంటే కూర్చోబెట్టెయ్యండి. మోకాళ్ళకి నడక కర్రలు రెండు కొనివ్వండి, ఒకటి కాదు రెండు, దిగేటప్పుడు బరువు కొంత చేతులకి పోతుంది. ఇసకలో కర్ర మొన దిగబడిపోతుంది, అడుగున వెడల్పాటి ప్లాస్టిక్ బిళ్ళ తగిలించుకునేవి ఉంటాయి, అవి అడగండి. అమ్మగారిని కూడా ఆ రెండు గంటలకి రమ్మంటే గొడవే ఉండదేమో.

ప్రశ్న: నాలుగు నెలలు పద్ధతిగా చేశానండీ. ఆఖరి తీరం నడక 28 కిలోమీటర్లు అనుకుంటే 21 దగ్గర ఆపేశా, కాలి వేళ్ళు మంట, కుడి బొటనవేలి గోరు నల్లబడింది. మిగతావాళ్ళంతా పూర్తి చేశారు. ట్రెక్‌కి మూడు వారాలే ఉంది. సిగ్గుగా ఉంది, మానేద్దామా అనుకుంటున్నా.

జవాబు: గోరు నల్లబడిందంటే వేలు షూ ముందు భాగానికి గుద్దుకుంటోందన్నమాట, అంతే. అదే ట్రెక్‌లో రెండో రోజు దిగుడులో జరిగుంటే అక్కడ షూ షాపు ఉండదు. 21 కిలోమీటర్ల దగ్గర మీ షూ సైజు తెలిసింది, ఇంకేం కావాలి. మిగతావాళ్ళ సంగతి, వాళ్ళు మర్నాడు నడిచారా? అడగండి ఒకసారి.

గోళ్ళు తిన్నగా అడ్డంగా కత్తిరించుకోండి, బయల్దేరే రోజు కాదు, రెండు మూడు రోజుల ముందే. గోరు కింద రక్తం గడ్డకట్టి టపటపా కొట్టుకుంటూ నొప్పి పుడుతుంటే డాక్టరు చిన్న రంధ్రం పెట్టి తీసేస్తారు, నిమిషం పని. సాయంత్రం వెళ్ళి అర సైజో సైజో పెద్దది కొనుక్కోండి, లేసు చీలమండ దగ్గర బిగించి వేళ్ళ దగ్గర వదులు చేస్తే దిగేటప్పుడు పాదం ముందుకి జారదు. నొప్పి తగ్గాక కొత్త షూతో 8 కిలోమీటర్లు, ఆ తర్వాత 12, మెట్లు దిగడం రెండుసార్లు, అంతకుమించి ఒక్క అడుగు కూడా వద్దు ఇప్పుడు. పాతవి పారెయ్యకండి, ఇంట్లో అన్నయ్యో తమ్ముడో ఎవరి పాదమైనా ఒక సైజు చిన్నదుంటే వాళ్ళకి పనికొస్తాయి.